పెద్దసారుకు తెలియని జవాబు

ఆ ఏడాది హంపమ్మకు కోపం రాని పూటంటూ లేదు.

మెడిసిన్ మూడో సంవత్సరం చదువుతోంది. పొద్దున్నే వార్డు. వార్డు నుంచి పరుగెత్తితే క్లాసు. క్లాసు నుంచి పరుగెత్తితే ల్యాబు. సాయంత్రం మళ్ళీ వార్డు. మధ్యలో కాసేపు ఊరికే కూర్చుందామంటే మర్నాటి పరీక్ష పుస్తకం ఒళ్ళో ఇటుకరాయిలా ఉండేది. ఒక పాఠం తలకెక్కేలోగా ఇంకో పాఠం వచ్చి దాన్ని తోసేసేది. మెస్సులో అన్నం కలుపుకుంటూ నరాల పేర్లు వల్లించేది. బట్టలుతుక్కుంటూ మందుల పేర్లు వల్లించేది. వాళ్ళమ్మ ఫోన్లో "తిన్నావా?" అని అడిగితే, తిన్నదో లేదో వెంటనే గుర్తుకొచ్చేది కాదు.

అయినా చదువంటే ఆమెకు భయం లేదు. ఆదోని దగ్గర పల్లె. తెలుగు మీడియం బడి. అక్కడి నుంచి వచ్చిన పిల్ల ఈ బ్యాచిలో మొదటి మార్కు తెచ్చుకుంటోందంటే ఊరికే కాదు. ఆమెకు ఒళ్ళు మండేది ఇంకో సంగతికి.

ఆ పెద్దాసుపత్రిలో వాళ్ళ యూనిట్‌కు పెద్ద హనీఫ్ సారు. రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి. మోకాళ్ళ నొప్పులు. మాట తక్కువ. పిల్లలు ఆయన్ని పెద్దసారు అనేవాళ్ళు. ఆయన కింద అసిస్టెంట్ ప్రొఫెసర్ కోదండపాణి. పిల్లల్ని వెంటేసుకుని మంచం మంచానికీ తిరిగి ప్రశ్నలడిగేది ఈయనే.

కోదండపాణి దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా "తెలియదు సార్" అన్నారంటే, వార్డు చివర చేతులు కడుక్కునే సింకు పక్కకు పోయి నిలబడాలి. రౌండ్స్ అయ్యేదాకా అక్కడే. రోగులు చూస్తారు. రోగుల చుట్టాలు చూస్తారు. అన్నం క్యారియర్లు పట్టుకుని వచ్చేపోయేవాళ్ళంతా చూస్తారు.

"డాక్టరు నోట తెలియదనే మాట రాకూడదు," అనేవాడు. "మేమంతా ఆ సింకు దగ్గర నిలబడే డాక్టర్లమయ్యాం."

పిల్లలు కొన్నాళ్ళకు తెలివి నేర్చారు. తెలియనప్పుడు తెలియదనడం మానేశారు. తోచింది చెప్పేవాళ్ళు. తడుముకోకుండా, గొంతు పెంచి చెబితే చాలాసార్లు గట్టెక్కేవాళ్ళు కూడా.

దస్తగిరికి మాత్రం ఆ విద్య అబ్బలేదు. నెమ్మదస్తుడు. ఇంగ్లీషు ప్రశ్నను మనసులో తెలుగు చేసుకుని, జవాబును తెలుగులో వెతుక్కుని, మళ్ళీ ఇంగ్లీషు చేసేలోపల కోదండపాణి చెయ్యి సింకు వైపు చూపించేది. వారంలో సగం రోజులు దస్తగిరి అక్కడే ఉండేవాడు. ఒకసారి ఎవరో ముసలామె అతన్ని వార్డు బాయ్ అనుకుని, బక్కెట్‌లో నీళ్ళు పట్టివ్వమంది. పట్టిచ్చాడు. వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. హంపమ్మ అటు తిరిగి చూసిన చూపుకు ఆ నవ్వు ఆగిపోయింది.

అట్లాంటి రోజుల్లో కౌలుట్లయ్య ఆసుపత్రికి వచ్చాడు.

మిరప చేలో పనిచేసే రైతు. వాంతులు, విరేచనాలతో ఒళ్ళు తోటకూర కాడలా వాడిపోయి ఉంది. భార్య ఈరమ్మ అతన్ని మోసుకొచ్చినంత పని చేసింది. సెలైన్ ఎక్కించారు. ఆ మంచం దస్తగిరికి అప్పజెప్పారు. రోగిని అడిగి తెలుసుకోవడం, రౌండ్స్‌లో సారుకు చెప్పడం అతని పని.

మర్నాడు పాథాలజీ పరీక్ష ఉంది. పొద్దున వార్డుకు పోవాల్సిన సమయంలో దస్తగిరి, హంపమ్మ, ఇంకో నలుగురు క్యాంటీన్‌లో కూర్చుని పుస్తకాలు తిరగేశారు. రౌండ్స్‌కు బెల్లు కొట్టాక పరుగెత్తుకొచ్చారు.

కోదండపాణి కౌలుట్లయ్య మంచం దగ్గర ఆగాడు.

"యూరిన్ ఎట్లా వస్తోంది?"

దస్తగిరి నోరు తెరిచాడు. సింకు వైపు ఒక్కసారి చూశాడు.

"బాగానే వస్తోంది సార్."

గొంతు పెంచి, తడుముకోకుండా చెప్పాడు. మొదటిసారి గట్టెక్కాడు.

"గుడ్. సెలైన్ అట్లే పోనీండి," అని కోదండపాణి పక్క మంచానికి పోయాడు.

సాయంత్రానికి కౌలుట్లయ్యకు ఊపిరాడలేదు. కూర్చోబెడితే కూర్చోలేడు, పడుకోబెడితే పడుకోలేడు. నోట్లో నురగ. ఈరమ్మ కేక విని, వరండాలో పోతున్న హనీఫ్ సారు లోపలికి వచ్చారు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నారు. తన చేత్తోనే సెలైన్ ఆపేశారు.

"ఒంటికి పోయి ఎంతసేపయిందమ్మా?" అని ఈరమ్మను అడిగారు.

"ఎంతసేపేంది సారూ, నిన్న మజ్జానం నుంచీ పోలేదు," అందామె. "నన్ను ఎవురైనా అడిగింటే చెప్పేదాన్ని కదా. ఎవురూ అడగలేదే!"

కిడ్నీలు పనిచేయడం మానేశాయి. ఎక్కించిన నీరంతా ఊపిరితిత్తుల్లో నిండింది. డయాలసిస్‌కు తీసుకుపోయారు. మనిషి దక్కాడు, కానీ అంచుదాకా పోయి వచ్చాడు.

మర్నాడు కోదండపాణి అందరి ముందూ దస్తగిరిని నిలదీశాడు.

"అడిగావా?"

"లేదు సార్."

"మరి బాగానే వస్తోందని ఎట్లా చెప్పావు?"

దస్తగిరి తలెత్తలేదు.

"అబద్ధాలకోరువి నువ్వు. నీలాంటివాడు డాక్టరైతే జనం బతకరు. ఈ యూనిట్‌లో కనిపించకు. నీకు హాజరు లేదు. పరీక్షకు ఎట్లా కూర్చుంటావో నేనూ చూస్తా."

దస్తగిరి స్టెతస్కోపు చుట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా కోపంతో హంపమ్మకు క్లాసులో ఏం చెప్పారో ఒక్క ముక్క వినపడలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఓపీ అయిపోయాక తిన్నగా హనీఫ్ సారు గదికి పోయింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మోకాలికి ఏదో ఆయింట్‌మెంట్ రాసుకుంటున్నారు. ఆమెను చూసి ప్యాంటు కాలు కిందికి లాక్కున్నారు.

"కూర్చోమ్మా."

"కూర్చోను సార్."

"సరే, నిలబడే చెప్పు."

"దస్తగిరి చేసింది తప్పే. కాదనను. కానీ వాడికి ఆ అబద్ధం నేర్పింది ఎవరు సార్? ఇక్కడికి వచ్చేనాటికి వాడికి అబద్ధమంటే తెలియదు. తెలియదన్న ప్రతిసారీ సింకు దగ్గర నిలబెట్టారు. వాడి చేత జనానికి నీళ్ళు పట్టించారు. ఒక్కసారి తెలుసని అబద్ధమాడితే గుడ్ అన్నారు. ఇప్పుడు వాడొక్కడే అబద్ధాలకోరయ్యాడు!"

హనీఫ్ సారు ఆయింట్‌మెంట్ మూత బిగిస్తూ వింటున్నారు.

"పొద్దున లేస్తే పడుకునేదాకా పరుగే. పరీక్ష మీద పరీక్ష. రోగి దగ్గర కూర్చుంటే పరీక్ష పోతుంది. పరీక్షకు చదివితే రోగి పోతాడు. ఏది చేసినా తప్పే. అడిగితే మేమూ ఇట్లాగే చదివామంటారు. మీరు పడ్డారని మేమూ పడాలా సార్? మీకు కాలు విరిగితే మా కాళ్ళు కూడా విరగ్గొడతారా?"

ఏడుపు తోసుకొచ్చింది. ఏడిస్తే కోపం చల్లారిపోతుందేమోనని ఆపుకుంది.

సారు ఆయింట్‌మెంట్ సొరుగులో పెట్టారు. తర్వాత అడిగారు.

"ఆ రోజు రౌండ్స్‌లో నువ్వెక్కడున్నావమ్మా?"

"దస్తగిరి పక్కనే సార్."

"అతను అడగలేదని నీకు తెలుసా?"

ఆ పొద్దున క్యాంటీన్‌లో హంపమ్మ పుస్తకంలోకే తొంగి చూస్తూ చదివాడు దస్తగిరి. వార్డు గడప తొక్కలేదని ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"తెలుసు సార్," అంది చివరికి.

ఆయన తల ఊపారు. తిట్టలేదు. ఓదార్చలేదు.

"రేపు దస్తగిరిని వార్డుకు రమ్మను. నేను రమ్మన్నానని చెప్పు."

అంతే. ఇంకేదో అంటారని హంపమ్మ నిలబడింది. ఆయన లేచి, గోడ పట్టుకుని, చేతులు కడుక్కోవడానికి పోయారు.

బయటికొచ్చాక ఆమె కోపం రెట్టింపయింది. న్యాయం అడగడానికి పోతే నేరం తన మెడకు చుట్టారు! పెద్దసారు కూడా ఆ తానులో ముక్కేనా? మెట్లు దిగుతున్నంతసేపూ ఆయనకు చెప్పాల్సిన జవాబులు ఒకదాని వెంట ఒకటి తోసుకొచ్చాయి. అన్నీ గట్టి జవాబులే. ఒక్కటీ ఆయన అడిగినదానికి జవాబు కాదు.

దస్తగిరి బాయ్స్ హాస్టల్ గేటు దగ్గర కనిపించాడు. కాళ్ళ దగ్గర రేకు పెట్టె ఉంది.

"ఎక్కడికి?" అంది హంపమ్మ.

"ఊరికి."

"ఎన్నాళ్ళు?"

దస్తగిరి వంగి పెట్టె గడియ సరిచూసుకున్నాడు.

"పెద్దసారు రేపు వార్డుకు రమ్మన్నారు."

"ఎందుకు? ఇంకోసారి నిలబెట్టడానికా?"

"నాకు తెలీదు. రమ్మన్నారు, అంతే."

దస్తగిరి పెట్టె మీద కూర్చున్నాడు. "కోదండం సారు తిట్టినదానికి కాదు హంపీ. అది అలవాటైపోయింది. ఆ ఈరమ్మ ఉంది చూడు. అడిగింటే చెప్పేదాన్ని కదా అందంట. ఆ మాట విన్నప్పటి నుంచి ముద్ద దిగట్లేదు. ఆమె మొహం ఎట్లా చూసేది?"

హంపమ్మ అతని పక్కన నిలబడి రోడ్డు వైపు చూసింది. ఆటో వచ్చింది. దస్తగిరి లేవలేదు. డ్రైవరు గొణుక్కుంటూ పోయాడు.

"ఆ పొద్దున నువ్వు అడగలేదని నాకు తెలుసు," అంది హంపమ్మ. "నేను చెప్పుండచ్చు. సార్, వీడు చూడలేదు, ఒక్క నిమిషం, అడిగి వస్తామని. చెప్పలేదు. ప్రశ్న నా మీద పడలేదు కదా అనుకున్నా."

దస్తగిరి ఆమె వైపు చూశాడు. పెట్టె పట్టుకుని గేటు లోపలికి నడిచాడు.

మర్నాడు వార్డులోకి వచ్చిన పిల్లలు గుమ్మంలోనే ఆగిపోయారు.

హనీఫ్ సారు అప్పటికే వచ్చి ఉన్నారు. వరుస ముందు ఉండాల్సిన మనిషి, వరుసలో ఒకడిగా నిలబడి ఉన్నారు. పక్కన ఉన్న కుర్రాడు ఎటు జరగాలో తెలియక గోడకు అతుక్కుపోయాడు. దస్తగిరి అందరి వెనక, తలుపు దగ్గర ఉన్నాడు.

కోదండపాణి లోపలికి వచ్చి చూశాడు. "సార్, మీరు ఇటు రండి."

"ఈ రోజు నేను ఇక్కడయ్యా. పిల్లలతో పాటు నన్నూ అడుగు."

"అదేంటి సార్, మిమ్మల్ని నేను..."

"అడుగు. నాకేం వచ్చో ఏం రాదో నాకూ తెలియాలి కదా."

కోదండపాణి నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. కౌలుట్లయ్య మంచం దగ్గరికి నడిచాడు. కౌలుట్లయ్య ఆ ముందు రోజే వార్డుకు తిరిగొచ్చాడు. జ్వరం తగులుకుని నీరసంగా పడుకుని ఉన్నాడు. ఈరమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది.

"సార్, ఈయనకు కిడ్నీలు ఎందుకు దెబ్బతిన్నాయి?"

"వాంతులు, విరేచనాలకు ఒంట్లో నీరు పోయింది. కిడ్నీలకు చాలినంత రక్తం అందలేదు," అన్నారు హనీఫ్ సారు. "ఇది ఇంటికొచ్చిన చుట్టాన్ని మర్యాదకు అడిగే ప్రశ్న. పిల్లల్ని అడిగే ప్రశ్న అడుగు."

కోదండపాణి మొహం కొంచెం ఎర్రబడింది. మంచానికి తగిలించిన కేసు షీటు తీసి చూశాడు. జ్వరానికి కొత్తగా వచ్చిన యాంటీబయాటిక్ ఇంజక్షన్ ఆ పొద్దుటి నుంచి ఇవ్వమని రాసి ఉంది. తను రాసిందే. కింద హనీఫ్ సారు సంతకం ఉంది.

"ఈ ఇంజక్షన్ ఒంట్లోంచి ఏ దారిన బయటికి పోతుంది సార్? లివర్ దారినా, కిడ్నీ దారినా?"

హనీఫ్ సారు కళ్ళు మూసుకుని ఆలోచించారు.

"తెలియదు," అన్నారు.

అని, కళ్ళు తెరిచి, నెమ్మదిగా నడుచుకుంటూ వార్డు చివరికి పోయి, సింకు పక్కన నిలబడ్డారు.

"సార్! సార్, ఏంటిది..." కోదండపాణి రెండడుగులు వేశాడు. "రండి సార్. అందరూ చూస్తున్నారు."

"చూస్తారు మరి. నీ రౌండ్స్ నువ్వు కానియ్యి."

నర్సు చేతిలో ట్రే పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. పడుకున్న రోగులు మోచేతుల మీద లేచి చూస్తున్నారు. తన భర్తను బతికించిన మనిషి అట్లా గోడ పక్కన నిలబడి ఉండటం ఈరమ్మకు అర్థం కాలేదు. మంచం కిందున్న స్టూలు లాగి, తీసుకుపోయి ఆయన ముందు పెట్టింది.

"కూసోండి సారూ. మోకాళ్ళు నొప్పులు కదా మీకు."

"వద్దమ్మా. శిక్షలో ఉన్నప్పుడు కూర్చోకూడదు."

ఈరమ్మ కోదండపాణి వైపు తిరిగి చూసింది. ఆ చూపులో ప్రశ్నే ఉందో, తిట్టే ఉందో. ఆయన చూపు తిప్పుకున్నాడు. ఏం చేయాలో తోచక, రోజూ చేసేదే చేశాడు. వరుసలో తర్వాతి మనిషి వైపు వేలు చూపించాడు.

"నెక్స్ట్. నువ్వు చెప్పు."

ఆ వేలు హంపమ్మ మీద ఆగింది.

జవాబు ఆమెకు తెలుసు. ఆ మందు పేరు ఫార్మకాలజీ పుస్తకంలో ఏ పేజీలో ఏ మూల ఉందో కూడా తెలుసు. చెబితే పెద్దసారుకు తెలియనిది తనకు తెలుసని వార్డంతటికీ చాటినట్టు. చెప్పకపోతే అది ఇంకో అబద్ధం. ఇట్లాంటి ఇరుకులో ఆయన్ను నిలబెట్టినందుకు కోదండపాణి మీద, తనను నిలబెట్టినందుకు పెద్దసారు మీద, ఒకేసారి ఒళ్ళు మండింది.

"కిడ్నీ దారిన సార్," అంది.

"కరెక్ట్," అన్నాడు కోదండపాణి, ఊపిరి పీల్చుకుని.

సింకు దగ్గర నుంచి మాట వినిపించింది.

"థాంక్సమ్మా. ఇప్పుడు నాకూ తెలిసింది." కాసేపాగి, "అయితే?" అన్నారు.

అయితే ఏమిటి? పుస్తకంలో ఆ ముక్క అక్కడితో అయిపోయింది. కిందిది ఇంకో మందు గురించి. హంపమ్మ చూపు కౌలుట్లయ్య మీద పడింది. వాచిన కళ్ళు. చేతికి డయాలసిస్ కట్టు. మంచం పక్కన ట్రేలో రెడీగా పెట్టిన ఇంజక్షన్.

"ఈయన కిడ్నీలు ఇంకా పనిచేయట్లేదు కదా సార్. పోయే దారి మూసుకుంది. మందు ఒంట్లోనే పేరుకుపోతుంది. మోతాదు తగ్గించాలి."

"ఎంతకు?" అన్నాడు కోదండపాణి. అలవాటు కొద్దీ వచ్చిన మాటే. ఆయన చూపు మాత్రం కేసు షీటు మీద ఉంది. అక్కడ పూర్తి మోతాదు రాసి ఉంది.

హంపమ్మ నోటిదాకా ఒక అంకె వచ్చింది. సగం అని చెప్పచ్చు. గట్టిగా చెబితే నమ్ముతారు.

"తెలియదు సార్," అంది.

ఆ మాట ఆమె నోట ఆ వార్డులో అదే మొదటిసారి. అని, సింకు వైపు నడవబోయింది.

"ఉండు," అన్నాడు కోదండపాణి.

షీటు పట్టుకున్న చెయ్యి దించాడు.

"నాకూ తెలియదు," అన్నాడు. "కిడ్నీ దారిన పోతుందని తెలుసు. నిన్న మీ బ్యాచిని అడగాలని ప్రశ్నగా కూడా అనుకున్నా. ఈయనకు రాసేటప్పుడు మాత్రం తట్టలేదు."

హనీఫ్ సారు గోడ పట్టుకుని ఒక అడుగు పక్కకు జరిగి, సింకు దగ్గర ఇంకొక మనిషికి చోటిచ్చారు.

కోదండపాణి వార్డు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. సింకు ముందు ఆగాడు. కుళాయి తిప్పి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. చేతులకు ఏమీ అంటలేదు. అయినా చాలాసేపు కడుక్కున్నాడు. పక్కన హనీఫ్ సారు నిలబడే ఉన్నారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కుళాయి కట్టేసి వెనక్కి తిరిగాడు.

"సిస్టర్, ఆ ఇంజక్షన్ ఆపండి. హంపమ్మా, లైబ్రరీకి పోయి మోతాదు ఎంతో చూసి రా. నేనూ ఇంకొకరిని అడిగి కనుక్కుంటాను. రెండూ ఒకటైతేనే ఇద్దాం."

హంపమ్మ పరుగెత్తింది. ఆమె తిరిగొచ్చేసరికి పెద్దసారు సింకు దగ్గర లేరు. స్టూలు మీద కూర్చుని మోకాలు ఒత్తుకుంటున్నారు. దస్తగిరి ఆయన ముందు నిలబడి ఉన్నాడు.

"ఏం అడగాలి సార్?" అంటున్నాడు.

"ఆ రోజు అడగనిది."

దస్తగిరి కౌలుట్లయ్య మంచం దగ్గరికి పోయాడు. ఈరమ్మ ముందు వంగి నిలబడ్డాడు.

"అమ్మా, ఆయన ఒంటికి ఎప్పుడు పోయినాడు?"

ఈరమ్మ అతని మొహంలోకి పరీక్షగా చూసింది. ఆ రోజు అడగనివాడు ఇతనేనని ఆమెకు తెలిసిపోయింది. చెంప మీద కొడుతుందేమో అనుకుంది హంపమ్మ. కొట్టినా ఆమెను తప్పుపట్టేవాళ్ళు ఆ వార్డులో లేరు.

"ఇప్పటికి తోచిందా నాయనా అడిగేదానికి?" అంది ఈరమ్మ.

దస్తగిరి కదల్లేదు. తల తిప్పుకోలేదు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "తెల్లారుజామున రోంత పోయినాడు. ఎర్రగా ఉండె. ఇంగ ఇంతవరకు పోలేదు. రాసుకో."

దస్తగిరి రాసుకున్నాడు. రంగు కూడా రాసుకున్నాడు. ఇంకా ఏదో అడిగాడు. ఆమె చెప్పింది. నీళ్ళు ఎన్ని తాగాడో, కాళ్ళ వాపు ఎప్పటి నుంచో, రాత్రి ఏమని కలవరించాడో, అడగనివి కూడా చెప్పింది.

రౌండ్స్ చివర కోదండపాణి హాజరు పిలిచాడు. అందరి పేర్లలోనూ దస్తగిరి పేరు కూడా పిలిచాడు. పిలిచి, తలెత్తకుండా తర్వాతి పేరుకు పోయాడు. క్షమించానని అనలేదు. క్షమించమనీ అనలేదు. మనిషి ఒక్క పూటలో మారడు. ఆ తర్వాత కూడా ఆయన విసుక్కునేవాడు, కసురుకునేవాడు. కానీ చెయ్యి సింకు వైపు పోలేదు.

హంపమ్మ కోపం కూడా ఒక్క పూటలో పోలేదు. పెద్దసారు వార్డు నుంచి బయటికి పోతుంటే వెంటపడింది. దస్తగిరి ఆమె వెనకే వచ్చాడు.

"సార్, నిజం చెప్పండి. మీకు ఆ జవాబు నిజంగా తెలియదా?"

"తెలియదమ్మా. నేను చదువుకునేనాటికి ఆ మందు పుట్టలేదు."

"మరి సంతకం పెట్టారు కదా సార్!"

"పెట్టాను, తెలియదని అనకుండానే," అన్నారాయన. "నిన్న నువ్వు నా గదిలో ఉన్నప్పుడు నీ మీద పెట్టిన తప్పు, అంతకు ముందు పూటే నేను చేసి వచ్చాను. నువ్వు పోయాక గుర్తొచ్చింది."

హంపమ్మ దగ్గర ఉన్నవన్నీ ఆయన మీద విసరడానికి దాచుకున్న మాటలే. ఒక్కటీ చేతికి అందలేదు.

అప్పుడు దస్తగిరి నోరు విప్పాడు. ఆయనతో అతను మాట్లాడటం చాలా అరుదు.

"సార్, ఒకటి అడగనా? ఈ చదువంతా నా తలకు పడుతుందంటారా?"

"పట్టదు," అన్నారు హనీఫ్ సారు వెంటనే.

దస్తగిరి మొహం పాలిపోయింది. హంపమ్మ కళ్ళలో మళ్ళీ నిప్పులు లేచాయి.

సారు వరండా పిట్టగోడ పట్టుకుని ఒక మెట్టు దిగారు. రెండో మెట్టు దగ్గర మోకాలు మొరాయించింది. దస్తగిరి ఒక పక్క, హంపమ్మ ఒక పక్క ఆయన చేతులు పట్టుకున్నారు.

"నా తలకూ పట్టలేదు," అన్నారాయన మెట్టు దిగుతూ. "అందుకే కదా ఇంతమందిమి ఉన్నాం."